మా ఊరి చెరువు, నువ్వు చూస్తున్న ఫ్లాటు

చిన్నీ,

మా ఊరి చెరువు గురించి నీకు ముక్కలు ముక్కలుగా చాలాసార్లు చెప్పాను గానీ కూర్చోబెట్టి మొత్తం చెప్పింది లేదు. నువ్వు పంపిన ఆ అపార్ట్‌మెంట్ ఫొటోలు చూశాక చెప్పాలనిపించింది.

వరంగల్ వైపు ఊళ్ళన్నీ చెరువుల మీద బతికినవే. రామప్ప, పాకాల, లక్నవరం లాంటి పెద్ద చెరువులు కాకతీయుల నాటివని బళ్ళో చదివే ఉంటావు, మాది అంత పేరున్నది కాదు, గొలుసుకట్టులో ఒక చిన్న చెరువు. పై ఊరి చెరువు నిండితే దాని మత్తడి (అలుగు) మీంచి దుంకిన నీళ్ళు వాగు పట్టుకుని మా చెరువులోకి వచ్చేవి, మాది నిండితే కింది ఊరికి పోయేవి. అందుకే ముసురు పట్టిందంటే చాలు, ఎవరు ఎదురైనా "పైన దుంకిందా?" అనే అడిగేవాళ్ళు. మా మత్తడి దుంకిన రోజు ఇంక బడికి ఎవడు పోతాడు! ఎదురెక్కే చేపలకు పెద్దవాళ్ళు వలలు పట్టేవాళ్ళు, కాళ్ళ సందుల్లోంచి జారిపోయే పరకల్ని మేం తువ్వాలతో పట్టేవాళ్ళం. ఆ రాత్రి ఏ వాకిట్లో నిలబడినా చేపల పులుసు వాసనే.

తూము తీసేదీ మూసేదీ నీరటి ఒక్కడే. భుజాన పార వేసుకుని తెల్లవారకముందే కట్ట మీదికి వచ్చేవాడు. కాలువలో కాలు పెట్టి, నీళ్ళు మడమ దాటాయా పిక్క దాకా వచ్చాయా అని చూసుకోవడమే ఆయన కొలత, దాని మీద ఎవరూ ఎదురు మాట్లాడేవాళ్ళు కాదు. చెరువు నిండని ఏడాది పెద్దమనుషులు కూర్చుని ఈసారి ఎంత మేరకు నాట్లు వేయాలో తేల్చేవాళ్ళు. తాత మడి తూముకు దగ్గర, నీళ్ళకు ఆయనకేం కొదవ లేదు, అయినా అలాంటి ఏడాది కింది వాళ్ళకూ అందాలని సగమే నాటేసేవాడు. తాతలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోతే శిఖంలో, అంటే బయటపడ్డ చెరువు లోపలి నేలలో, దోస, పుచ్చ పెట్టేవాళ్ళు, పూడిక మట్టి బండ్ల మీద పొలాలకు తోలేవాళ్ళు. 2015లో చెరువులు బాగుచేసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు అదే పూడిక పని మిషన్లతో చేశారు. కానీ శిఖంలో ఇల్లు కట్టుకున్నవాడిని మా ఊళ్ళో నేను చూడలేదు, వానలు పడితే ఆ నేల చెరువుదేనని పిల్లలకు కూడా తెలుసు.

హైదరాబాద్ చెరువులూ చాలావరకు గొలుసుకట్టువే తల్లీ. 2020 అక్టోబర్ వానలకు కాలనీలు మునిగినప్పుడు అందరూ చెరువు ఇళ్ళలోకి వచ్చిందన్నారు, నాకైతే ఆ నీళ్ళు పాత దారి వెతుక్కుంటూ వచ్చినట్టే అనిపించింది. అందుకే బ్రోచర్‌లో 'లేక్ వ్యూ' అని చూడగానే నాకు టెన్షన్ పట్టుకుంది. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు కట్టడాలు లేకుండా బఫర్ వదలాలి. బిల్డర్ చూపించే కాగితంతో సరిపెట్టుకోకు, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపు ఉందేమో చూడు, సర్వే నంబరు సరిపోల్చుకో.

అడ్వాన్స్ మాత్రం అప్పుడే ఇవ్వకు. ఆదివారం నేనూ వస్తాను, అల్లుణ్ణి కూడా రమ్మను. ఆ చుట్టుపక్కల పాత ఇళ్ళలో ముసలివాళ్ళు ఎవరైనా ఉంటే, వానాకాలం నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోయేవో అడుగుదాం.

నాన్న