మైలోడు, కర్రోడు

నల్లగొండ,
ఆదివారం పొద్దున

బిడ్డా,

అందరం మంచిగున్నం. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది, కానీ మెట్లు ఎక్కొద్దంటే వినదు. ఫోన్‌లో చెప్తే అయిపోయేదానికి ఉత్తరమెందుకు అంటవు. ఫోన్‌లో నువ్వు మాట్లాడుతుంటే వెనుక పిల్లల లొల్లి, కుక్కర్ విజిల్. నేను చెప్పాలనుకున్నది సగంలోనే ఆగిపోతది. ముప్పై రెండేండ్లు సోషల్ సారుగా బోర్డు మీద రాసినోణ్ని, రాస్తే గానీ నాకు మాట తిన్నగ రాదు.

దసరాకు వచ్చినప్పుడు నువ్వు నాకు రెండు అప్పజెప్పి పోయినవు. ఒకటి, ఆ షార్లెట్ మేసన్ గురించి జిరాక్స్ కాగితాలు. రెండోది, పెద్దోనికి చరిత్ర ఏ పుస్తకాలతోని చెప్పాలె అన్న ప్రశ్న. కాగితాలు డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివిన, పది రోజులు పట్టింది.

ముందుగాల ఒక మాట ఒప్పుకోవాలె. పిల్లలను బడి మాన్పిచ్చి ఇంట్లోనే చదివిస్తమని నువ్వూ అల్లుడూ చెప్పిన రోజు నేను అన్నం తినకుంట లేచిపోయిన. సారు మనుమడికే బడి లేదా అని నలుగురు అడుగుతరని నా బాధ. ఇప్పుడు ఆ కోపం పూర్తిగ పోయిందని అనను గానీ, కాగితాలు చదివినంక వేరే బాధ మొదలైంది.

ఆమె ఇంగ్లండు పంతులమ్మ. 1842లో పుట్టి 1923లో పోయింది. ఆంబుల్‌సైడ్ అనే ఊర్లో, పిల్లలకు చదువు చెప్పేటోళ్లకే ఒక బడి పెట్టింది. ఆమె చెప్పే పద్ధతిలో గొప్ప రహస్యమేం లేదు. ఆ విషయం మీద ప్రేమ ఉన్న ఒక మనిషి మనసుపెట్టి రాసిన పుస్తకం తీసుకో. కొంచెమే చదువు. ఒక్కసారే చదువు. నడుమ నడుమ ఆపి అర్థాలు చెప్పకు. పుస్తకం మూసి, "ఇప్పుడు నువ్వు చెప్పు" అను. పిల్లగాడు తన మాటల్లో చెప్తడు. అంతే. ప్రశ్నలు అడిగేది వాడు, మనం కాదు.

నేను సర్వీసంతా దీనికి సరిగ్గా ఉల్టా చేసిన. పాఠం మొదలుపెట్టకముందే జవాబు చెప్పేటోణ్ని. ఆరు పాయింట్లు, ఒక్కొక్కదాని కింద స్కేలు పెట్టి గీత. నీకు యాదికున్నదో లేదో, నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడు కాకతీయుల నీటిపారుదల మీద జవాబు బట్టీ పట్టినవు. రామప్ప, పాకాల, లక్నవరం. నాలుగుకు నాలుగు మార్కులు. ఆ ఏడాది మనం ప్రతి ఆదివారం పానగల్లు చెరువుగట్టు మీదికి పోయేది, నువ్వు నీళ్లలో రాళ్లు విసిరేదానివి. ఆ ఉదయసముద్రం కూడా ఆ కాలపు రాజులు తవ్విచ్చిందే అని, కందూరు చోడులు పానగల్లు నుంచే ఏలిండ్రని, కాకతీయులకు సామంతులుగ ఉన్నరని నేను ఒక్కనాడన్నా చెప్పిన్నా? సిలబస్‌లో లేదు, చెప్పలేదు. నువ్వు కూర్చున్న గట్టే పాఠం అని నీకు తెలియకుంటనే నాలుగు మార్కులు వచ్చినయి.

ఇగ నీ ప్రశ్నకు వస్త.

నువ్వు తెప్పిచ్చిన డబ్బా విప్పి చూసిన. అందులో "అవర్ ఐలాండ్ స్టోరీ" అనే లావు పుస్తకం ఉన్నది, 1905లో ఇంగ్లండు పిల్లల కోసం అచ్చయింది. ఆల్‌ఫ్రెడ్ రాజు పొయ్యి మీద రొట్టెలు మాడగొట్టి ఇంటావిడతో తిట్లు తిన్న కథ పెద్దోడు నాకు మూడుసార్లు చెప్పిండు. చెప్పేటప్పుడు వాని మొఖం చూడాల్సింది. ఆ పుస్తకంలో జీవం ఉన్నదన్నది నిజం, నేను కాదనను. కానీ వెనుక పేజీలు తిప్పితే 1857 తిరుగుబాటు ఉన్నది. ఢిల్లీ ముట్టడి, లక్నో ముట్టడి. ముట్టడిలో ఉన్న తెల్లోళ్లకు దూరం నుంచి సన్నాయి తీరు పాట వినవస్తది, సాయం వచ్చిందని తెలుస్తది. చదువుతుంటే నాకే గుండె కొట్టుకున్నది. ఎవరి దిక్కు కొట్టుకున్నదో చూసుకున్న తర్వాత సిగ్గయింది.

నువ్వు ఆలోచించాల్సింది ఇదే బిడ్డా. ఎండిపోయిన పాఠ్యపుస్తకం ఎవరి దిక్కు ఉన్నదో పిల్లగానికి పట్టదు, ఎందుకంటే వానికి అసలు ఏమీ పట్టదు. జీవమున్న పుస్తకం అట్ల కాదు, మనిషిని తన దిక్కు గుంజుకుంటది. అందుకని ఒక్క పుస్తకంతోని ఆపకు. ఒక సంగతికి రెండు పుస్తకాలు, వీలైతే ఒక మనిషి నోరు. ఆ లావు పుస్తకం పారెయ్యమంటలేను. కాకపోతే లక్నో కథ చదివిన వారంలోనే ముట్టడి వేసినోళ్ల కథ కూడా వాని చెవిలో పడాలె.

తెలుగులో అసుమంటి పుస్తకాలు లేవని అన్నవు. ఉన్నయి, కానీ పిల్లల కోసం రాసినవి తక్కువ. పెద్దోళ్ల కోసం రాసినవాట్ల నుంచి మనం పేజీలు ఏరుకోవాలె. ముందు నువ్వు చదవాలె, తర్వాత వానికి చదివి వినిపించాలె. ఇది కష్టమే. ఇంగ్లీషు వాళ్లకున్న సుఖం మనకు లేదు.

చిన్నదానికి ఏడేండ్లు, దానికి రాజుల గొడవ ఇప్పుడే వద్దు. సురవరం ప్రతాపరెడ్డి గారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" తియ్యి. 1949లో వచ్చింది, తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే ఇచ్చిండ్రు. ఆయన మన పాలమూరు దిక్కు మనిషి. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నందుకు మూడు వందల యాభై నలుగురు కవులను వెతికి పట్టుకొచ్చి 1934లో సంచిక అచ్చేసిన మొండి మనిషి. ఈ పుస్తకంలో రాజుల వరుస కోసం ఆయన తిప్పలు పడలేదు. ఆ కాలంలో జనం ఏం తిన్నరు, ఏం కట్టుకున్నరు, పిల్లలు ఏం ఆటలు ఆడిండ్రు, ఏం చూసి భయపడ్డరు, ఇవన్నీ పాత కావ్యాల్లో నుంచి ఏరి పెట్టిండు. తిండి గురించి ఒక అర పేజీ, ఆట గురించి ఒక అర పేజీ చదువు, చాలు. భాష గట్టిగనే ఉంటది, నువ్వు నీ మాటల్లోకి మార్చొద్దు. దానికి అర్థమైనంత అర్థమైతది.

పెద్దోనికి పదకొండు. వట్టికోట ఆళ్వారుస్వామి "ప్రజల మనిషి" నవల నేను మొదలుపెట్టిన. ఆయన నకిరేకల్ దిక్కు మనిషి. వంట చేసుకుంట బతికిండు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చేసిండు, జైలుకు కూడా పోయొచ్చిండు. నవలలో ఊరు కల్పితం, దొర కల్పితం, వెట్టి కల్పితం కాదు అని వానికి ముందే చెప్పిన. ఇది చెప్పాలె. లేకుంటే రేపు ఆ ఊరు మ్యాప్‌లో వెతుకుతడు. దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" కూడా నీ అల్మారాలో చూసిన. గొప్ప నవలే, కానీ దొరల గడిలో దాసీలుగ బతికిన ఆడబాపల బతుకు అందులో ఉన్నది. పదిహేను దాటేదాక దాచు. నువ్వు మాత్రం ఇప్పుడే చదువు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు, భోగి మర్నాడు జరిగింది నువ్వు చూడలేదు, మీ అమ్మతోని బజారుకు పోయినవు. వరండాలో మీ నానమ్మ మంచం మీద కూసోని అనపకాయలు ఒలుస్తున్నది. నేను వానికి మూడు పేజీలు చదివిన. నా పాత అలవాటు, "వెట్టి" అన్న మాట రాంగనే ఆగి వివరించబోయిన. నీ కాగితాలు యాదికొచ్చి నోరు మూసుకున్న. పుస్తకం మూసి, చెప్పమన్న. వాడు బాగనే చెప్పిండు. చివరికి, "అంటే దొర పని చేయించుకొని పైసలు ఇయ్యలేదు, అదే వెట్టి" అన్నడు.

ముసలామె చేతులు ఆపకుంటనే అన్నది: "పైసలియ్యకపోవుడు గాదు కొడుకా. పిలిస్తె పోవాలె, గంతే. పోలీసు అమీను ఊర్లెకొస్తె మా నాయిన బండి కట్టాలె. ఎడ్లు మావి, మేత మాది, దెబ్బలు మాకు. నాట్లప్పుడు పిలిచినా పోవాలె. పోయినంక మడి ఎండినా ఎవడు సూస్తడు?"

వాడు ఒక నిమిషం ఆలోచించిండు. నేనైతే వెట్టి రకాలు ఎన్ని అని అడిగేటోణ్ని. వాడు అడిగిందేందో తెలుసా?

"తాతమ్మా, ఎడ్ల పేర్లేంది?"

అప్పుడు ఆమె చేతులు ఆగినయి. ఒడిలో గింజలు మంచం మీద పోసింది. "ఒకటి మైలోడు, ఒకటి కర్రోడు" అన్నది. డెబ్బై అయిదేండ్లు దాటింది ఆ ఎడ్లు పోయి. మైలోడు సాధువట, కర్రోడు నాయిన తప్ప ఎవరు కట్టినా కాడి దులుపుకునేదట. అమీను మనిషి ఎవరో తోలబోతే బండిని తీసుకపోయి వాగులో దించిందట. ఆమె నవ్వింది, వాడు నవ్విండు. నేను నవ్వలేకపోయిన. ఆమె కడుపున పుట్టి అరవై ఆరేండ్లయింది. ఏడాదికోసారి క్లాసులో "వెట్టి చాకిరి" పాఠం చెప్పి సాయంత్రం ఆమె చేతి అన్నం తిన్నోణ్ని. ఆ ఎడ్ల సంగతి నాకు తెలియదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అట్లని ముసలామె చెప్పిందంతా చరిత్ర అనుకోవద్దు. కమ్యూనిస్టు సంగపోళ్లు, నిజాం దిక్కు రజాకార్లు, 1948 సెప్టెంబర్‌లో వచ్చిన ఇండియా పటాలమోళ్లు, ముగ్గురి రాకడ ఆమె మతిలో కలిసిపోయింది. జొన్నచేలో దాక్కున్నది ఎవరికి భయపడో ఒకసారి ఒక తీరు, ఇంకోసారి ఇంకో తీరు చెప్తది. పెద్దోడు రెండో రోజే పట్టుకున్నడు: "తాతా, ఇది 1948 సెప్టెంబర్ కన్నా ముందా, తర్వాతనా?" నా సర్వీసులో ఇంత మంచి ప్రశ్న ఏ స్టూడెంటూ అడగలేదు. అడగనిచ్చింది ఎక్కడ?

వాడు ఇంకో రెండు మూడేండ్లు పెరిగినంక తెలంగాణ సాయుధ పోరాటం మీద రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టు. ఒకటి పుచ్చలపల్లి సుందరయ్య గారు రాసింది, ఇంకోటి మన బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి గారి జ్ఞాపకాలు. ఇద్దరూ అందులో ఉన్నోళ్లే, అప్పుడు ఇద్దరూ ఒకే కమ్యూనిస్టు పార్టీ. పటాలం వచ్చి నిజాం దిగిపోయినంక తుపాకీ పట్టుకొని ఉండాలెనా, దించాలెనా అన్నకాడ ఇద్దరికీ పడలేదు. 1951 అక్టోబర్‌లో గానీ పోరాటం ఆపలేదు. ఎవరు రైటో నువ్వు చెప్పకు. నాకు ఒక అభిప్రాయం ఉన్నది, వాడు అడిగితే నేనే చెప్త.

షార్లెట్ మేసన్ పద్ధతిలో ఉన్న శతాబ్దాల నోటుబుక్కు నాకు బాగ నచ్చింది. ఒక్కో శతాబ్దానికి రెండు పేజీలు, చదివింది చదివినట్టు బొమ్మో మాటో పిల్లగాడే వేసుకునుడు. వానికి ఒక లాంగ్ బుక్కు కొనిచ్చిన. ఇరవయ్యో శతాబ్దం పేజీలో 1951 ఏప్రిల్ 18 అని రాసి పోచంపల్లి అని రాసుకున్నడు. వినోబా భావే భూమి లేనోళ్లకు ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్న రోజు. దాని కిందనే పోరాటం ఆపిన అక్టోబర్ రాసిండు. రెండూ ఒకే ఏడాది, రెండూ మన దిక్కే అని వాడే చూసిండు. నా నోట్స్‌లో ఈ రెండూ వేరే వేరే చాప్టర్లలో ఉండేవి, నడుమ ఒక యూనిట్ టెస్టు.

ఒక జాగ్రత్త. పోరాటంలో పేరొచ్చిన దొడ్డి కొమరయ్య ఊరు కడవెండి, ఐలమ్మ ఊరు పాలకుర్తి ఇప్పటి నల్లగొండ మ్యాప్‌లో ఉండవు. అప్పుడు జనగామ తాలూకా మన జిల్లాలోనే ఉండేది. పుస్తకంలో నల్లగొండ అని ఉంటే పాత జిల్లా అని గుర్తుపెట్టుకోమను.

పరీక్షల గురించి అల్లుడు అడిగిండు. ఓపెన్ స్కూల్లో పద్నాలుగు నిండినంక పది రాయొచ్చు. అప్పుడు ఆ ఆరు పాయింట్లు, గీతలు నేనే నేర్పుత. నాలుగు నెలల పని, దానికోసం ఇప్పటి నుంచి పిల్లగాణ్ని చంపకండ్రి.

ఎండలు ముదరకముందే ఒకసారి రండ్రి. పానగల్లు ఛాయా సోమేశ్వరం గుడికి పోదాం. లింగం వెనుక పొద్దంత కదలకుంట ఉండే ఆ నీడ ఎట్ల పడుతదో నేను ముందే చెప్పను, వాడు ఎంతసేపన్నా కూసోని చూసుకోనీ.

నిన్న రాత్రి మీ నానమ్మ నిద్రలో నుంచి లేచి నన్ను పిలిచింది. ఏమైందోనని ఉరికిన. కర్రోని ఎడమ కొమ్ము కొంచెం వంకర ఉండేదట, పిల్లగానికి చెప్పుడు మరిచిందట. నోటుబుక్కులో రాసుకొమ్మని చెప్పు.

నాయిన