కళాశాల మారే విద్యార్థికి పేపర్ల పట్టిక ముందే అందాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

డిగ్రీ మొదటి ఏడాది ఒక కళాశాలలో చదివి, రెండో ఏడాదికి మరో కళాశాలకు మారాలనుకునే విద్యార్థులు మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏటా కనిపిస్తూనే ఉంటారు. తిరుపతిలో హాస్టల్‌తో పాటు సీటు దొరకక పుంగనూరులోనో పలమనేరులోనో చేరినవారు, తండ్రి ఉద్యోగ బదిలీతో ఊరు మారవలసినవారు, చదువు మధ్యలో పెళ్లయి వేలూరుకో బెంగళూరుకో వెళ్లే ఆడపిల్లలు వీరిలో ఉంటారు. టీసీ, ఎన్‌ఓసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ల గురించి అందరూ ఆరా తీస్తారు. మొదటి సెమిస్టర్‌లో ఏ పేపర్లు తీసుకుంటే మారిన చోట పనికొస్తాయని అడిగేవారు మాత్రం తక్కువ, అడిగినా సమాధానం చెప్పగలిగేవారు మరీ తక్కువ. చాలా కాలం డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పిన వాడిగా ఈ లోటును మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారుల దృష్టికి తేదలచాను.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చిన నాటి నుంచి, సంపాదించిన క్రెడిట్లు (పేపరు పాసైతే విద్యార్థి ఖాతాలో జమ అయ్యే పాయింట్లు) ఎక్కడికి వెళ్లినా చెల్లుతాయన్న నమ్మకం తల్లిదండ్రుల్లో బలపడింది. అందులో కొంత నిజం ఉంది. విద్యార్థి ఖాతాలో జమ అయిన క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్ల వరకు నిలుస్తాయి. అయితే క్రెడిట్ల లెక్క వేరు, పేపర్ల పోలిక వేరు. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళిక ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి, అందులో కనీసం 60 మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టులోనే ఉండాలి. చేర్చుకునే కళాశాల తన మేజర్ పేపర్లకు సరిపోలని వాటిని ఆ అరవైలో కలపదు. దాంతో క్రెడిట్లు ఖాతాలో భద్రంగా ఉన్నా, జూనియర్లతో కూర్చుని మొదటి ఏడాది పేపర్లు మళ్లీ రాయవలసిన పరిస్థితి వస్తుంది. డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలన్న నిబంధన కూడా ఉంది గనుక మారదలచినవారు మూడో ఏడాది దాకా ఆగడం మంచిది కాదు.

మన రాష్ట్రంలో 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ పద్ధతి మొదలైనప్పుడు సైన్స్ విద్యార్థులకు మొదటి సెమిస్టర్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలను కలిపిన పరిచయ పేపర్లు పెట్టి, మేజర్‌లోని అసలు పేపర్లను రెండో సెమిస్టర్ నుంచి ఇచ్చారు. ఇంటర్‌లో వేర్వేరు గ్రూపులు చదివి వచ్చినవారికి అది మేలే. కానీ ప్రధాన సబ్జెక్టును మొదటి సెమిస్టర్‌లోనే మొదలుపెట్టే పొరుగు రాష్ట్ర కళాశాలలో చేరే విద్యార్థికి అక్కడ ఒక సెమిస్టర్ వెలితి పడుతుంది. కర్ణాటక 2024-25 నుంచి నాలుగేళ్ల డిగ్రీని వదిలి తిరిగి మూడేళ్ల డిగ్రీకి వెళ్లింది గనుక అక్కడి పేపర్లు మన పేపర్లతో సరిపోలకపోవచ్చు. తమిళనాడులో మొదటి భాగం కింద భాషా పేపరు తప్పనిసరి, ప్రతి కళాశాలలోనూ అక్కడ తెలుగు తీసుకునే వీలుండదు. సరిహద్దున ఉన్న మన పిల్లలకు ఇవి దూరపు సంగతులు కావు.

నాకు తెలిసిన ఒక విద్యార్థిని బీకాం చదువుతూ, సులువుగా ఉంటుందని ఎవరో చెప్పగా ఒక మైనర్ (మేజర్‌కు తోడుగా చదివే రెండో సబ్జెక్టు) ఎంచుకుంది. పెళ్లయ్యాక చేరిన కళాశాలలో ఆ మైనర్ లేదు. ఆ సంగతి ఫీజు కట్టించుకున్న తర్వాతే ఆమెకు చెప్పారు. చక్కగా చదివే పిల్ల ఒక సంవత్సరం కోల్పోయింది. ఇది చూసి నాకు చాలా బాధ కలిగింది.

మారే ఆలోచన ఉన్నవారు చేరబోయే కళాశాల సిలబస్‌ను మొదటి సెమిస్టర్‌కు ముందే తెప్పించుకుని, రెండు చోట్లా ఉన్న మైనర్‌నే తీసుకోవాలి. నైపుణ్య పేపర్లలో, బహుళ విభాగ పేపర్లలో కొంత స్వేచ్ఛ ఉంటుంది, మేజర్‌లో ఉండదు. ఒక సెమిస్టర్‌లోని పేపర్లలో 40 శాతం వరకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ (SWAYAM) ద్వారా చదవడానికి యూజీసీ అనుమతిస్తుంది గనుక తక్కువపడిన పేపరును అక్కడ పూర్తిచేసే వీలుందేమో కొత్త కళాశాలను ముందే రాతపూర్వకంగా అడగాలి. చదివిన ప్రతి పేపరు సిలబస్ ప్రతిని ప్రిన్సిపాల్ ముద్రతో తీసి ఉంచుకోవాలి, ప్రాక్టికల్ రికార్డులను పారేయకూడదు. మొదటి ఏడాది తర్వాత వేసవిలో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు నివేదికను కూడా దాచుకోవాలి.

ఇంత భారం పద్దెనిమిదేళ్ల విద్యార్థి మీద, అందులోనూ ఇంట్లో తొలిసారి డిగ్రీ గడప తొక్కిన విద్యార్థి మీద మోపడం న్యాయం కాదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం తమ తమ పేపర్లకు పొరుగు విశ్వవిద్యాలయాల్లో ఏవి సమానమో చూపే పట్టికలను తయారుచేయాలి. డిగ్రీ ప్రవేశాలకు వెబ్ ఆప్షన్లు పెట్టుకునే వెబ్‌సైట్‌లోనే ఉన్నత విద్యామండలి వాటిని తెలుగులో ఉంచాలి. బదిలీ దరఖాస్తు అందిన వెంటనే ఏ పేపర్లు చెల్లుతాయో, ఏవి మళ్లీ రాయాలో కాగితం మీద తెలిపిన తర్వాతే ఏ కళాశాలైనా ఫీజు తీసుకునేలా ఆదేశాలు ఇవ్వాలని, వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్ లోపే ఈ పని జరగాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత డిగ్రీ అధ్యాపకుడు,
చిత్తూరు