మేనత్తల పేర్లు ఎందుకు వదిలేస్తున్నాం?

సంపాదకులకు నమస్కారం.

విల్లు రాయకుండా పోయిన తాతగారి ఇల్లు ఎవరిదన్న మాట వస్తే మన చెన్నైలో ఒక జవాబు తయారుగా ఉంటుంది: '1989కి ముందు పెళ్లయిన ఆడపిల్లలకు వాటా లేదు.' డాక్యుమెంట్ రైటర్లూ అంటారు, చదువుకున్న మనవలూ అంటారు.

ఆ 1989 ఊరికే పుట్టలేదు. ఆ ఏడాది మార్చి 25 నుంచి తమిళనాడు ప్రభుత్వం ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో ఆడపిల్లలకూ సమాన హక్కు ఇచ్చింది; అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం పక్కన పెట్టింది. 2005లో కేంద్రం చేసిన సవరణలో ఆ తేడా లేదు. అయినా ఇదంతా పిత్రార్జితం సంగతి. తాతగారు తన జీతంతో కొన్న ఇల్లు స్వార్జితం. దానికి 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చాలు (ఇతర మతాలవారి నియమాలు వేరు). భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లి ఉంటే ఆవిడకు సమాన వాటాలు. ముందే పోయిన కూతురి వాటా ఆమె పిల్లలకు వస్తుంది. తండ్రి బతికుండగా మనవడికి మాత్రం ఏమీ రాదు. తాత సొత్తు మనవడిదేనన్నది మురిపానికి అనుకునే మాట!

పెరంబూరులో మా తాతగారు రైల్వే ఉద్యోగం చేస్తూ కొన్న ఇంటికీ ఇదే ఎదురైంది. తాత, నాయనమ్మ పోయి ఏళ్లయింది. పట్టా మార్పుకు కాగితాలు రాయించబోతే, రైటరు మా నాన్న పేరు, బాబాయి పేరు రాసి కింద అడ్డగీత కొట్టేశాడు. "ఆడవాళ్లకు అప్పట్లోనే పసుపు కుంకుమలు ఇచ్చేసి ఉంటారు కదా సార్" అని మాకే నచ్చజెప్పాడు. పెళ్లిలో ఏమిచ్చినా వారసత్వపు వాటా దాంతో చెల్లిపోదు. మా చిన్నత్త "నాకేం వద్దురా" అనే అంటుంది, ఆవిడ మంచితనం. కానీ ఇంటి మీద హక్కు నోటిమాటతో వదులుకుంటే చెల్లదు, రిజిస్టరు చేసిన రిలీజ్ డీడ్ కావాలి. ఆవిడ అది రాసివ్వాలన్నా ముందు వారసుల్లో ఆవిడ పేరు ఉండాలిగా? పేరు దాచి ఇల్లు అమ్మబోయినా, కొనేవాడికి లోను ఇచ్చే బ్యాంకు లాయరు కూతుళ్ల సంగతి అడక్క మానడు.

2005 దాకా ఇంకో చిక్కుండేది. కుటుంబం కాపురముంటున్న ఇంటిని మగ వారసులు పంచుకుంటే తప్ప కూతురు తన వాటా విడదీసి ఇమ్మని అడగలేకపోయేది. ఆ సెక్షన్ ఇప్పుడు లేదు. అయినా మా అత్తల వయసువాళ్లు ఆ పాత భయంతోనే నోరు విప్పరు.

తాసిల్దారు ఇచ్చే వారసుల సర్టిఫికెట్ హక్కుపత్రం కాదు. కానీ తర్వాతి పనులన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి. కాబట్టి విచారణకు వచ్చే రెవెన్యూ ఉద్యోగి పెళ్లయిన కూతుళ్లతో, చనిపోయిన కూతుళ్ల పిల్లలతో కనీసం ఫోనులోనైనా మాట్లాడాకే సంతకం పెట్టాలి. 1989 మాట స్వార్జితానికి వర్తించదని ఆ ఆఫీసుల గోడల మీద తమిళంలోనూ, మనవాళ్లు ఎక్కువగా ఉండే పేటల్లో తెలుగులోనూ రాయించాలని రెవెన్యూ శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై