పాత డిస్కులు తూకానికి వేసేముందు

సంపాదక మహాశయులకు నమస్కారం.

కొత్త 4కె టీవీ ఇంటికి రాగానే అందరి కళ్ళూ బీరువాలోని వీసీడీలు, డీవీడీల మీద పడతాయి. విజయవాడ, గుంటూరు ఇళ్ళలో ఆ తర్వాత జరిగేది రెండింట్లో ఒకటి. మొత్తం మూటగట్టి పాత సామాన్ల బండికి వేసేస్తారు. లేదా ఉన్న ప్రతి సినిమానూ బ్లూరేలోనో 4కె డిస్కులోనో మళ్ళీ కొనాలని మొదలుపెడతారు. రెండూ డబ్బు దండగే. మొదటిదాంట్లో తిరిగిరానివి కూడా పోతాయి. ఇది బీరువాకంతా ఒకేసారి తీసుకునే నిర్ణయం కాదు, ఒక్కో డిస్కునూ చేతిలోకి తీసుకుని చూడాలి. ఎలా చూడాలో మీ పాఠకులకు తెలియాలని ఈ ఉత్తరం.

ముందు బొమ్మలోని చుక్కల (పిక్సెళ్ళ) సంగతి. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ వీసీడీలో ఫ్రేముకు అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు, అంటే లక్షకు కాస్త పైన. డీవీడీలో 720, 576. అంటే 4 లక్షల 14 వేలు. బ్లూరేలో 20 లక్షల 73 వేలు, 4కె డిస్కులో 82 లక్షల 94 వేలు. లెక్క చూస్తే ప్రతి మెట్టూ పెద్దదే. అయితే కన్ను ఎంత దూరంలో ఉందన్నది కూడా చూడాలి. మన అపార్ట్‌మెంట్ హాళ్ళలో 43 అంగుళాల టీవీకి తొమ్మిది పది అడుగుల దూరంలో సోఫా ఉంటుంది. అక్కడి నుంచి డీవీడీకీ బ్లూరేకీ తేడా బాగానే తెలుస్తుంది. బ్లూరేకీ 4కెకీ మధ్య చుక్కల తేడా తెలియాలంటే మాత్రం మామూలు చూపున్నవాళ్ళు అయిదున్నర అడుగుల లోపలికి జరగాలి. 55 అంగుళాల టీవీ అయినా ఆ హద్దు ఏడడుగులే. 4కె డిస్కులో దూరం నుంచి కూడా కనిపించే లాభం హెచ్‌డీఆర్, అంటే వెలుగునీడల విస్తృతి. దానికి టీవీలో వెలుతురు సత్తా ఉండాలి. చవక టీవీల్లో హెచ్‌డీఆర్ పెడితే రాత్రి సీన్లు మరింత చీకటిగా కనిపిస్తాయి. తప్పు డిస్కుది కాదు, తెరది.

ఇక అసలు సంగతి: ఆ డిస్కును దేని నుంచి చేశారు? 35 ఎంఎం కెమెరా నెగెటివ్‌ను కొత్తగా స్కాన్ చేసి తీసిన బ్లూరే అయితే పాత డీవీడీని మార్చుకోవడం అన్ని విధాలా లాభం. థియేటర్లలో తిరిగి తిరిగి గీతలు పడ్డ ప్రింటు నుంచో, పాత టీవీ టేపు నుంచో చేసి పెట్టె మీద ‘హెచ్‌డీ’ అని అచ్చు వేస్తే దాన్లో చుక్కలు పెరుగుతాయి గానీ వివరం పెరగదు. కొత్త సినిమాలకూ ఇదే పరీక్ష. 2కెలో, అంటే దాదాపు బ్లూరే చుక్కల లెక్కలోనే ఎడిటింగ్, గ్రాఫిక్స్ ముగించిన సినిమాకు 4కె డిస్కు అంటే సాగదీసిన బొమ్మే. దాన్లో రంగులు బాగుండవచ్చు, అందుకోసం కొంటే కొనండి, వివరం కోసం కాదు. పైగా బ్లూరేలో వచ్చిన తెలుగు సినిమాలు బహు కొద్ది, పాతవైతే మరీ తక్కువ. కాబట్టి చాలా ఇళ్ళలో తెలుగు డీవీడీకి పైమెట్టు అనేదే లేదు.

డీవీడీలన్నీ ఒక్కటి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. 4.7 గిగాబైట్ల డిస్కులో రెండున్నర గంటల సినిమాలు మూడు ఇరికిస్తే సెకనుకు దక్కే డేటా 1.4 మెగాబిట్లు. బొమ్మకు వీసీడీ ఇచ్చే 1.15 మెగాబిట్లకు అది పెద్ద ఎక్కువేం కాదు. అదే సినిమా ఒక్కటే 8.5 గిగాబైట్ల రెండు పొరల డిస్కులో ఉంటే 7.5 మెగాబిట్లు దక్కుతాయి. వాన పాటలోనో, జనం మధ్య డాన్సులోనో తెర గడులు గడులుగా విరిగితే అది మూడు సినిమాల డిస్కే అయి ఉంటుంది. అలాంటివి ఇచ్చేసినా బాధ లేదు. ఒకే సినిమా ఉన్న రెండు పొరల డిస్కును మాత్రం పెట్టెతో సహా దాచండి.

స్కోప్ సినిమాల్లో, అంటే టీవీ కంటే బాగా వెడల్పు చట్రంలో తీసినవాటిలో, ఇంకో తేడా ఉంది. వెడల్పు టీవీలో పెడితే పైనా కిందా మాత్రమే నల్లపట్టీ కనిపిస్తే అది 16:9కు, అంటే వెడల్పు టీవీ ఆకారానికి తగ్గట్టు చేసిన డిస్కు, దాన్లో బొమ్మకు దాదాపు 436 గీతలు (అడ్డంగా ఉండే చుక్కల వరుసలు) పనిచేస్తాయి. నాలుగు వైపులా నల్లపట్టీలు వస్తే పాత 4:3 చట్రంలో ఇరికించినది, 327 గీతలే. టీవీ రిమోట్‌లో జూమ్ నొక్కితే తెర నిండుతుంది గానీ పోయిన గీతలు రావు. కొత్త డిస్కు వస్తే మార్చుకోవాల్సినవి మొదట ఇవే.

వెనకటి బ్లాక్ అండ్ వైట్ సినిమాల విషయంలో దీనికి పూర్తిగా ఎదురుగా జరుగుతోంది. వాటి చట్రం సుమారు 1.37:1, దాదాపు పాత టీవీ ఆకారమే. ఈ మధ్య ‘పూర్తి తెర హెచ్‌డీ’ పేరుతో వస్తున్న కాపీల్లో పక్కన నల్లపట్టీలు కనబడకూడదని పైనా కిందా కోసేస్తున్నారు. 16:9కు నింపాలంటే నాలుగో వంతు దగ్గర దగ్గరగా బొమ్మ పోతుంది. కిరీటం పైభాగం పోతుంది, నాట్యంలో పాదాలు పోతాయి. కెమెరామన్ కొలిచి పెట్టిన చట్రాన్ని ఇలా తెగ్గోయడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. మీ పాత డీవీడీలో నర్తకి పాదాలు కనబడుతుంటే కొత్త కాపీ ఎంత మెరిసినా ఆ పాతదాన్ని వదులుకోవద్దు.

నిడివి చూసి కూడా మోసపోవద్దు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీసినది. పాల్ పద్ధతి డిస్కులో దాన్ని 25తో నడిపిస్తే 160 నిమిషాల సినిమా 153 నిమిషాల 36 సెకన్లకే అయిపోతుంది. ఏ సీనూ కోయలేదు. పాట శ్రుతి మాత్రం హార్మోనియంలో పక్క మెట్టుకు ముప్పాతిక వంతు దాకా పైకి జరుగుతుంది. ఘంటసాల పాటలు చెవికి పట్టినవాళ్ళకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. 24 ఫ్రేముల బ్లూరే దొరికితే మార్చుకోవడానికి అదొక్కటే చాలినంత కారణం. అంతకంటే పది, పదిహేను నిమిషాలు తక్కువ ఉంటే మాత్రం పాటో హాస్య సన్నివేశమో ఎగిరిపోయినట్టే. రెండు కాపీలనూ పాట పాటకూ సరిచూసిన తర్వాతే ఒకటి వదలండి.

ప్లేయర్ల సంగతి త్వరగా చెబుతాను. ఒప్పో 2018లో, శాంసంగ్ 2019లో ఈ రంగం నుంచి తప్పుకున్నాయి. 2024 చివర్లో ఎల్‌జీ కూడా మానేసింది. సోనీ, పానసోనిక్ వంటి కొద్ది కంపెనీలే మిగిలాయి. కొనేవాళ్ళు 4కె, బ్లూరే, డీవీడీ మూడూ ఆడే ప్లేయరు ఇప్పుడే కొనుక్కోవడం మంచిది. కొన్ని బ్లూరే ప్లేయర్లు వీసీడీ ఆడవు, కాబట్టి షాపుకు ఒక వీసీడీ పట్టుకెళ్ళి వేయించి చూడండి. ప్లేస్టేషన్ 5లో సీడీలు అసలు ఆడవు. కంప్యూటర్లో 4కె డిస్కు చూద్దామనుకునేవాళ్ళకు మరో చిక్కు. దానికి కావాల్సిన ఎస్‌జీఎక్స్ అనే రక్షణను (ప్రాసెసర్‌లోనే ఉండే భద్రతా ఏర్పాటు) ఇంటెల్ తన 11వ తరం ప్రాసెసర్ల నుంచి తీసేసింది.

అమెరికాలో ఉన్న పిల్లలు డిస్కులు తెచ్చే ఇళ్ళు మన దగ్గర ఎన్నో. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే గుర్తును రీజియన్ అంటారు. అమెరికా డీవీడీ రీజియన్ 1, మనది 5. బ్లూరేకు వాళ్ళది ఎ, మనది సి. రీజియన్ పెట్టిన డిస్కయితే ఇక్కడి ప్లేయరు ‘ప్లే చేయలేను’ అని ఆగిపోతుంది. అన్ని రీజియన్లకూ అని పెట్టె మీద ఉంటే ఇబ్బంది లేదు. 4కె డిస్కులకు రీజియన్ లేదు. అయితే అదే పెట్టెలో తోడుగా వచ్చే మామూలు బ్లూరేకు ఉండవచ్చు. కంప్యూటర్ డీవీడీ డ్రైవులో రీజియన్ మార్చే అవకాశం అయిదుసార్లే, అయిదోసారి పెట్టినదే ఖాయమైపోతుంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా తీరిగ్గా చేసుకోవచ్చు. పెళ్ళి, ఓణీల ఫంక్షన్, షష్టిపూర్తి డిస్కుల విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. కంపెనీలో అచ్చు వేసిన డిస్కులో గుంటలు ప్లాస్టిక్‌లోనే పోతపోసి ఉంటాయి. స్టూడియో వాళ్ళు రాసిచ్చిన డీవీడీ-ఆర్‌లో అలా కాదు, లేజర్‌తో కాల్చిన రంగు పొర ఉంటుంది. కింది వైపు తిప్పి చూస్తే ఊదా ఛాయ కొట్టేది అదే. ఎండకూ వేడికీ ఆ రంగు క్రమంగా చెడుతుంది. మన వేసవిలో శ్లాబు కింద అటక మీద పెట్టడం కంటే దానికి హాని లేదు. సినిమా డిస్కు పోతే ఇంకెక్కడైనా దొరకవచ్చు, మీ ఇంటి పెళ్ళి మరెక్కడా దొరకదు.

చేయాల్సింది ఇది. యూఎస్‌బీ డీవీడీ డ్రైవు తగిలించి, డిస్కులో ‘వీడియో టీఎస్’ (VIDEO_TS) అనే ఫోల్డరును ఉన్నది ఉన్నట్టు మొత్తంగా హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. ఫైళ్ళు చిన్నవి చేద్దామని వేరే రూపంలోకి మార్చొద్దు. పాత వీడియోలో ఫ్రేము రెండు సగాలుగా, గీత విడిచి గీతగా ఉంటుంది. సరిగా తెలియకుండా మారిస్తే కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు పడి అలాగే ఉండిపోతాయి. ‘4కెలోకి మార్చి ఇస్తాం’ అనేవాళ్ళకు డబ్బు ఇచ్చేది కూడా మొదట ఈ అసలు కాపీ భద్రమయ్యాకే. కాపీ మధ్యలో ఆగితే డ్రైవు మార్చి చూడండి, ఒకటి చదవనిది మరొకటి చదువుతుంది. అప్పటికీ కాకపోతే డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది ముందు బాగున్న భాగమంతా లాగి, చెడిన చోటికి తర్వాత వచ్చి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. వీసీడీ అయితే ‘డాట్’ (.DAT) ఫైలు కాపీ చేయాలి. అది త్వరగా మొరాయిస్తుంది. మామూలు డేటా సీడీలో తప్పులు దిద్దడానికి వదిలే అదనపు జాగాను కూడా వీసీడీలో బొమ్మకే వాడేశారు.

అన్నిటికంటే ముందు ఇంట్లోనో స్టూడియోలోనో మినీ డీవీ టేపు (పాత వీడియో కెమెరాలో వేసే చిన్న క్యాసెట్) ఉందేమో వెతకండి. డీవీడీలోకి కుదించకముందు బొమ్మ అందులోనే ఉంది. ఫైర్‌వైర్ తీగతో దించితే గంటకు 13 గిగాబైట్లు వస్తాయి. ఆ తీగ పట్టే కంప్యూటర్లు, ఆ టేపు ఆడే కెమెరాలు కనుమరుగవుతున్నాయి కాబట్టి ఇది ఈ ఏడాదే చేయించండి.

ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులో నిండు డీవీడీలు రెండు వందలు పడతాయి. రెండు హార్డ్ డిస్కుల మీద కాపీలు తీసి, ఒకటి వేరే ఊళ్ళోని చుట్టాల ఇంట్లో పెట్టండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ ఇళ్ళలో ఏం జరిగిందో చూశాం. ఒకే ఇంట్లో ఉన్న రెండు కాపీలూ ఒకే నీళ్ళలో మునుగుతాయి. మూడో కాపీగా బ్లూరే రాసుకునేవాళ్ళు ‘ఎల్‌టీహెచ్’ అని ఉన్నవి కొనొద్దు, వాటిలోదీ ఎండకు చెడే రంగే.

వరద నీళ్ళలో నానిన డిస్కు చాలామటుకు బాగుపడుతుంది. బురద ఎండనివ్వకూడదు, ఎండాక తుడిస్తే ఇసుకే గీరేస్తుంది. మంచి నీళ్ళ ధార కింద పట్టి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్‌తో వేళ్ళతో మెల్లగా కడిగి, చివర డిస్టిల్డ్ వాటర్ పోసి, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. తుడిచేటప్పుడు మధ్య రంధ్రం నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. డేటా గుండ్రంగా సాగుతుంది. అడ్డగీత పడితే ప్లేయరు సరిదిద్దుకుంటుంది, డేటా వెంబడే గీత పడితే దిద్దుకోలేదు. థిన్నరు, గోళ్ళ రంగు తీసే ద్రవం తగలనివ్వొద్దు. వీసీడీకి ప్రాణం లేబుల్ వైపే ఉంటుంది, ఆ పైపూత కిందే డేటా. డీవీడీలో రెండు పలకల మధ్య భద్రంగా ఉంటుంది, అంచులో తెల్లటి మచ్చలు పాకితే మాత్రం జిగురులోకి తడి దిగిందని గుర్తించి ఆ రోజే కాపీ తీయండి. బ్లూరేలో డేటా చదివే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. పైన గట్టి పూత ఉన్నా లోతు గీతకు తట్టుకోదు.

చివరగా సినిమా హక్కులున్నవారికీ, మీ పత్రికకూ ఒక విన్నపం. పాత సినిమా కొత్త కాపీ విడుదల చేసేటప్పుడు నెగెటివ్ నుంచి చేశారా ప్రింటు నుంచా, చట్రం అసలు ఆకారంలోనే ఉందా, నిడివి ఎన్ని నిమిషాలు అన్నవి పెట్టె మీద అచ్చు వేయాలి. మీ సినిమా పేజీలో ‘4కెలో మళ్ళీ వస్తోంది’ అనే వార్త వేసేటప్పుడు ఈ మూడూ నిర్మాతలను అడిగి రాయండి. గాంధీనగర్ పంపిణీదారుల ఆఫీసుల్లో ఈ సంగతులు చెప్పగలిగేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇట్లు,
పాత సినిమా డిస్కులు భద్రపరిచే ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ.