ముఖం తర్వాత, మోకాలు ముందు

తల్లిదండ్రులకు నమస్కారం.

నెల రోజులుగా మీ ఇళ్లలోంచి పాత బెల్టులు, రవిక ముక్కలు, చింతగింజలు బడికి వస్తున్నాయి. అడిగిన వెంటనే పంపినందుకు ముందుగా కృతజ్ఞతలు. ఏడో తరగతి పిల్లలు వాటితో దారాల మీద ఆడే కొయ్యబొమ్మలు చేస్తున్నారు. ఆడబోయేది ఏడు చేపల కథ. రాజుగారి కొడుకు దగ్గర్నుంచి బంగారు పుట్టలో చీమ దాకా అందరూ బొమ్మలే.

"తోలుబొమ్మలు ఉండగా ఇవెందుకండీ?" అని మొన్నటి సమావేశంలో ఒక నాన్నగారు అడిగారు. మంచి ప్రశ్న. తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట ఊరి కళాకారులు మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు దూరేంత పలచన చేసి, ఉలితో చిల్లులు కొట్టి బొమ్మ తీస్తారు. పన్నెండేళ్ల పిల్లలతో బడి వరండాలో చేయించే పని కాదది. పైగా కొయ్యబొమ్మలు కూడా మనవే. ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెల్లో కొయ్యబొమ్మలాట ఆడే కుటుంబాలు ఉన్నాయి. బొమ్మలాడించేవాళ్ల ప్రస్తావన పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే ఉంది. 'సూత్రధారి' అనే మాటకు అర్థం దారం పట్టినవాడని చెప్పగానే పిల్లలు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

కొయ్య కోసం కొండపల్లి వెళ్లాం. అక్కడి బొమ్మలను తెల్ల పొనికి చెక్కతో చేస్తారు. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, చిన్న ఉలికే లొంగుతుంది. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసే మక్కుతో వాళ్లు ముక్కూ చెవులూ అతికించడం పిల్లలు కళ్లార్పకుండా చూశారు. తిరిగొచ్చాక బడిలో అదే మక్కు కలుపుకున్నాం. పొనికి చెక్కతో మొండెం, కాళ్లు, చేతులు చేశాం. తలలు మాత్రం కాగితంతో చేశాం. బంకమట్టితో తల చేసి, దానికి నూనె రాసి, మైదా జిగురులో ముంచిన పాత పేపరు ముక్కలు ఆరేడు పొరలు అంటించి నీడలో ఆరబెట్టాం. ఆరాక చెవుల వెనకగా కోసి, లోపలి మట్టి తీసేసి, రెండు చిప్పలనూ మళ్లీ అతికించాం. రంపం, ఉలి పనంతా మా మాస్టార్లు, వడ్రంగం తెలిసిన ఒక నాన్నగారు చూసుకున్నారు.

అసలు పాఠం ఆ తర్వాత మొదలైంది. మొదటి రాజకుమారుణ్ణి దారాలకు కట్టి నడిపిస్తే వాడు నడవలేదు, గాల్లో ఈదాడు. పొనికి అంత తేలిక మరి. అలమరలో పెట్టుకునే బొమ్మకు ఆ తేలికదనం మంచిదే కానీ నడిచే బొమ్మకు పాదాల్లో బరువుండాలి. ఒక్కో పాదం అడుగున గుంత తీసి సైకిలు నట్టు బిగించాక అడుగు నేల మీద ఆనింది.

మోకాలి దగ్గర మరో చిక్కొచ్చింది. తొడ చివర, పిక్క పైన గాడి కోసి, రెంటికీ మధ్య బెల్టు తోలు ముక్క దూర్చి అతికిస్తాం. వెనక వైపు చెక్కను ఏటవాలుగా చెక్కాలి, ముందు వైపు రెండు అంచులూ ఒకదానికొకటి ఆనాలి. అప్పుడే మోకాలు వెనక్కి మడుస్తుంది, ముందుకు విరగదు. ఒక పాప పొరపాటున ముందు వైపు ఏటవాలుగా గీతలు గీసి కోయించింది. బొమ్మ అడుగు వేసినప్పుడల్లా మోకాలు ముందుకు విరిగేది. ఆ పాప తన మోకాలిని పది సార్లు మడిచి, చేత్తో తడిమి చూసుకుని కొత్త కాలు మీద గీతలు మళ్లీ గీసింది. నాకు ఈ నెల మొత్తంలో గుర్తుండిపోయేది ఆ క్షణమే.

మనిషి బొమ్మకు తొమ్మిది దారాలు కట్టాం. తలకు రెండు, భుజాలకు రెండు, చేతులకు రెండు, మోకాళ్లకు రెండు, నడుముకు ఒకటి. బరువు మోసేవి తల, భుజాల దారాలు కాబట్టి వాటినే ముందు కట్టి సరిచూసుకోవాలి. నడుము దారం ఎత్తి తల, భుజాల దారాలు వదిలితే బొమ్మ వంగి దణ్ణం పెడుతుంది. నైలాన్ దారం దీపాల కింద మెరుస్తుంది, ఒకసారి మెలిపడితే ఆ మెలిక పోదు. అందుకే నల్ల నూలు దారానికి తేనెమైనం రాసి వాడాం. రాజస్థాన్ కఠ్‌పుత్లీలకు చాలా వరకు కాళ్లే ఉండవు, పొడుగాటి పావడా ఊపుతోనే నడక వచ్చేస్తుంది. దారాలు కూడా తక్కువే. తమిళనాడు బొమ్మలాట్టంలో ఆడించేవాళ్లు తల మీద ఇనుప చుట్టు పెట్టుకుని దానికే దారాలు కడతారు. ఇవి చెప్పగానే చీమను ఎలా ఆడించాలా అని పిల్లల్లో పెద్ద చర్చ నడిచింది. ఆరు కాళ్లకూ ఆరు దారాలు కడితే చిక్కుపడిపోయాయి. చివరికి ఒక అడ్డకర్రకు రెండే దారాలు కట్టి, కాళ్లను స్ప్రింగు తీగతో చేశారు. ఇప్పుడు కాస్త కదిపితే చాలు, చీమ కుట్టడానికి వస్తున్నట్టే ఉంటుంది.

మీకు నా విన్నపం ఒక్కటే. బొమ్మ ఇంటికి వస్తే దాన్ని సరిచేయకండి. ముక్కు వంకరగా ఉందని, రంగు బాగా రాలేదని మీరు దిద్దాలనుకోవడం ప్రేమకొద్దీనే అని నాకు తెలుసు. ఒక బొమ్మ తల ఇంటి దగ్గర ఎంతో అందంగా దిద్దుకుని వచ్చింది. ఆ బాబు మాత్రం దాన్ని ఆ రోజంతా సంచిలోంచి తీయలేదు. దుస్తులకు పట్టు, జరీ వద్దు, అవి బిర్రుగా ఉండి మోచేయి మడవనివ్వవు. పాత నూలు చీర చెంగు చాలు.

బొమ్మను పడుకోబెడితే దారాలు చిక్కుపడతాయి. గోడకు ఎత్తుగా ఒక మేకు కొట్టి ఇవ్వండి, దారాలన్నీ కలిపి ఒక మెలి తిప్పి పిల్లలే తగిలించుకుంటారు.

ఆట డిసెంబరు మూడో శనివారం సాయంత్రం 4 గంటలకు, ప్రార్థన మైదానంలో. తాతయ్యలను, అమ్మమ్మలను, నాన్నమ్మలను తప్పక తీసుకురండి, ముందు వరుస కుర్చీలు వాళ్లకే. ఆట అయ్యాక తెర వెనక్కి రండి, దారాలు మీ చేతికిస్తారు.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు