గోరు మీద పట్టే చేపపిల్ల

నాన్నా,

వేట నిషేధం 61 రోజులూ బోటు ఒడ్డున పెట్టి కూర్చున్నాం కదా, మరి నెత్తళ్ళు ఎందుకు పడలేదని అడిగావు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. అప్పట్నుంచి మనసు అక్కడే ఉంది, అందుకే రాస్తున్నా.

ఇక్కడ కాలిఫోర్నియా తీరంలో 1949 నుంచి చేప గుడ్లనీ, అప్పుడే పుట్టిన పిల్లల్నీ లెక్కపెడుతున్నారు, కాల్‌కోఫీ అంటారు ఆ సర్వేని. సార్డిన్, అంటే మన కవళ్ళ లాంటి చేప, ఉన్నట్టుండి కరువైపోతే ఎందుకో తెలుసుకుందామని మొదలెట్టారు. సీజన్‌కోసారి ఓడ వెళ్తుంది, అర మిల్లీమీటరు కన్ను ఉన్న వలని 210 మీటర్ల లోతుకి దింపి లాగుతారు. మైక్రోస్కోప్ కింద సార్డిన్ గుడ్డు గుండ్రంగా, నెత్తళ్ళ గుడ్డు కోలగా బియ్యపు గింజలా కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో గుడ్డు పగులుతుంది. బయటికొచ్చిన పిల్ల మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో, ఒళ్ళంతా గాజుపోగు, కళ్ళకి నలుపు కూడా రాదు, పొట్ట కింద సొన సంచి ఒక్కటే దాని ఆస్తి. ఆ సొన అయిపోయేలోగా నోటికి పట్టేంత మేత దొరకాలి, లేదంటే అంతే.

ఆ మేతని తెచ్చేది గాలి. వసంతంలో వాయవ్య గాలి తీరం వెంట వీస్తే పైనీళ్ళు సముద్రం లోపలికి జరిగి, అడుగు నుంచి ఎరువులాంటి బలమున్న చల్లనీళ్ళు పైకొస్తాయి, దాంతో మేత పెరుగుతుంది. వేసవిలో మన విశాఖ వైపు నైరుతి గాలి చేసేదీ ఇదే. కానీ గాలి మరీ ఎక్కువైతే పిల్లలు కూడా లోపలికి కొట్టుకుపోతాయి, ఒకచోట గుమిగూడిన మేత చెదిరిపోతుంది. 1970ల్లో ఇక్కడే లా హోయాలో రూబెన్ లాస్కర్ అనే శాస్త్రవేత్త అది కళ్ళారా చూశాడు, తుఫాను గాలి తర్వాత నీళ్ళలో మేత పొర లేకుండా పోయింది.

పోనీ వేడిని బట్టి చెప్పొచ్చా అంటే అదీ కుదరలేదు. వేడెక్కితే సార్డిన్ పెరుగుతుంది, నెత్తళ్ళు తగ్గుతాయి అనుకునేవాళ్ళు. 2014-16లో సముద్రం విపరీతంగా వేడెక్కింది, తర్వాత చూస్తే నెత్తళ్ళు తెగ పెరిగాయి, సార్డిన్ మాత్రం లేవలేదు, దాని పెద్ద వేట 2015లోనే ఆపేశారు.

నిషేధం గుడ్లు పెట్టే చేపని కాపాడుతుంది నాన్నా, పిల్లకి మేత పెట్టలేదు. ఒక ఏడాది చేప పడలేదని నిషేధం దండగ అనకు, బోట్ల వాళ్ళనీ అననివ్వకు. నాకో సాయం చెయ్యి. తమ్ముడి చేత ఒక నోట్‌బుక్ కొనిపించు. వేటకెళ్ళిన రోజు గాలి ఎటు నుంచి, నీళ్ళు చేతికి చల్లగా ఉన్నాయా, నెత్తళ్ళ పొట్టలో గుడ్లున్నాయా, ఈ మూడే రాయించు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.

నీ పెద్దోడు