అరకు ఘాట్: ఎత్తుకు కూడా చార్జింగ్ లెక్క వేసుకోండి

సంపాదకులకు,

చలికాలంలో విశాఖ నుంచి అరకుకు ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద బయల్దేరేవారు ఒక పొరపాటు లెక్క వేస్తున్నారు. "ఫుల్ చార్జింగ్‌కి 120 కిలోమీటర్లు వస్తుంది, అరకు 115 కదా!" అని. ఆ 120 చదును రోడ్డు మీద మాట.

పక్కనే సాగే రైలుమార్గంలో శిమిలిగుడ స్టేషనే 996 మీటర్ల ఎత్తున ఉంది. గాలికొండ దగ్గర రోడ్డు ఇంకా పైకి పోతుంది. బండి 120 కిలోలు, ఇద్దరు మనుషులు 140 అనుకుందాం. ఈ 260 కిలోలను వెయ్యి మీటర్లు ఎక్కించడానికే 0.7 యూనిట్ కావాలి. మోటారు, కంట్రోలర్ (మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరం) నష్టాలు కలిపితే 0.85. ఇది దూరానికయ్యే ఖర్చు కాక. డబుల్స్‌లో కిలోమీటరుకు 30 వాట్-అవర్లు (వెయ్యి అయితే ఒక యూనిట్) పడినా దూరానికే మూడున్నర యూనిట్లు. వెరసి నాలుగు దాటింది, బ్యాటరీ చూస్తే మూడు యూనిట్లది. దారిలో శృంగవరపుకోటలో నింపుకోక తప్పదు. అప్పటికి ఖర్చయినదాన్ని 750 వాట్ల చార్జర్ నింపడానికి రెండున్నర గంటలు పడుతుంది. టిఫిన్ తినేలోపు అయ్యే పని కాదు.

ఘాట్‌లో చాలా బండ్లు మొరాయించేది చార్జింగ్ అయిపోయి కాదు, వేడెక్కి. చక్రంలోనే బిగించి ఉండే హబ్ మోటారు చక్రంతో పాటే తిరుగుతుంది, గేర్ల సాయం ఉండదు. ఎక్కుడులో వేగం తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగి కాలిపోకుండా కంట్రోలరే పవర్ తగ్గించేస్తుంది. అప్పుడు ఎక్సలేటర్ ఎంత తిప్పినా లాభం లేదు. నీడలో పావుగంట ఆపండి, మోటారు మీద నీళ్లు మాత్రం పోయకండి. ఏటవాలులో ఆగి మళ్లీ ఎత్తుకునేటప్పుడే భారం ఎక్కువ, కాబట్టి చదునుగా ఉన్నచోటే ఆగండి.

దిగేటప్పుడు అసలు ప్రమాదం. పెట్రోలు బండికి గేరు తగ్గిస్తే ఇంజనే పట్టి ఉంచుతుంది. స్కూటరుకు రీజెన్ (మోటారే బండిని పట్టి ఉంచి, ఆ శక్తిని బ్యాటరీలోకి పంపే పద్ధతి) ఒక్కటే దిక్కు, బ్యాటరీ నిండుగా ఉంటే అదీ పనిచేయదు. భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అరకులో రాత్రంతా పెట్టి వంద శాతం నింపినా ఫర్వాలేదు, ముందు గాలికొండ ఎక్కాలి గనుక బ్యాటరీలో కొంత ఖాళీ అవుతుంది. గాలికొండకు ఇవతల ఉన్న అనంతగిరిలో బస చేసినవారికి నేరుగా దిగుడే, వారు మాత్రం 85 శాతం దగ్గరే ప్లగ్గు తీసేయాలి.

శృంగవరపుకోట, టైడా, అనంతగిరిలోని పర్యాటక శాఖ పార్కింగుల్లో 16 ఆంపియర్ల సాకెట్లు, యూనిట్ ధర రాసిన బోర్డు ఉండేలా అధికారులు చూడాలి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం